కనబడలేదంటే లేదని కాదు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా నారాయణఖేడ్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకోవడం ఆనవాయితీ. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పింఛను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని స్పష్టం చేసింది. ఆ హక్కుల గురించి, కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకంటే బాగా మాట్లాడగలిగినవారు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శిగారు నాతో "సార్, ఈసారి మీరు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నేను డాక్టరును కాను. ముప్పయి మూడేళ్ళు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పిన మాస్టరును. పదవీ విరమణ తరువాత కేన్సర్ రోగిని అయ్యాను. ఈ రెండు అర్హతలతో, నాకు అర్థమైనంతవరకు, ఒక్క విషయం మీ ముందు ఉంచుతాను.

శరీరంలో ఒకచోట పుట్టిన కేన్సర్ మరొకచోటికి పాకి, అక్కడ ఇంకా జొన్నగింజంత కూడా పెరగనప్పుడు దానిని ఎలా కనిపెట్టాలి? ఇదే ఆ విషయం. ఇందుకోసం ఇనుముతో చేసిన అతి సూక్ష్మమైన కణాలను రక్తంలోకి ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీసే పద్ధతి ఒకటి వచ్చింది. ఆ కథ చెప్పే ముందు నా కథ కొంచెం చెప్పుకోవాలి. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదని నాకు ఆలస్యంగా తెలిసింది.

నాలుగేళ్ళ క్రితం సంగతి. రాత్రిపూట నాలుగైదుసార్లు లేవవలసి వచ్చేది. మూత్రం ఆగి ఆగి వచ్చేది. వయసు మీద పడింది కదా అని ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ పోరు పెట్టగా పెట్టగా హైదరాబాదు వెళ్ళాను. రక్తంలో పి.ఎస్.ఏ. అనే పరీక్ష చేశారు. ఎక్కువగా ఉన్నది. బయాప్సీ తీశారు. ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్ అన్నారు. తరువాత ఎం.ఆర్.ఐ. తీశారు. నలభై నిమిషాలు ఆ గొట్టంలో, సుత్తితో రేకుల మీద కొట్టినట్లున్న శబ్దంలో కదలకుండా పడుకున్నాను. రిపోర్టు చూసి "గ్రంథి దాటి పోయినట్లు కనబడడం లేదు మాస్టారూ" అన్నారు.

ఆ మాట విని నేను ఇంటికి ఫోను చేశాను. "ఏమన్నడు డాక్టరు?" అని అడిగింది మా ఆవిడ. "ఎక్కడికీ పాకలేదట" అన్నాను. ఆమె ఆ సాయంత్రమే గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టింది. చుట్టాలందరికీ కబురు పోయింది.

ఆపరేషను చేసి గ్రంథిని, దాని చుట్టుపక్కల ఉన్న కొన్ని లింఫు గ్రంథులను తీసివేశారు. తీసిన ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి పది రోజుల తరువాత మరొక రిపోర్టు ఇచ్చారు. పద్నాలుగు లింఫు గ్రంథులలో రెండింటిలో కేన్సర్ ఉన్నది. ఒకదానిలో మచ్చ పెద్దది. పెద్దది అంటే ఎంత? మూడు మిల్లీమీటర్లు!

నాకు చాలా కోపం వచ్చింది. "ఇంత పెద్ద యంత్రం పెట్టి తీశారు, లేదన్నారు, ఇప్పుడు ఉందంటున్నారు" అని డాక్టరుగారిని నిలదీశాను. ఆయన కోపగించుకోలేదు. "మాస్టారూ, మీ స్కాను రిపోర్టు మళ్ళీ ఒకసారి చదవండి. అందులో లేదు అని ఎక్కడా రాయలేదు. పెరిగిన లింఫు గ్రంథులు కనబడలేదు అని రాశారు" అన్నారు. ఇంటికి వచ్చి చదివాను. నిజమే. కనబడలేదు అన్నమాటను లేదు అని చదువుకున్నది నేనే. ముప్పయి మూడేళ్ళు పిల్లలకు పరికరం పరిమితి గురించి చెప్పినవాణ్ణి, స్కేలుతో వెంట్రుక మందం కొలవలేమని నల్లబల్ల మీద రాసి చూపించినవాణ్ణి, నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం మరచిపోయాను.

అప్పటినుండి ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. చదివినది మీకు మనవి చేస్తాను.

మొదట కేన్సర్ పాకడం అంటే ఏమిటో చూద్దాం. 1889లో స్టీఫెన్ పేజెట్ అనే లండను డాక్టరు, రొమ్ము కేన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి, కేన్సర్ ఎక్కడ పడితే అక్కడ పాకదని గమనించాడు. విత్తనం గాలికి అన్నిచోట్లకూ పోతుంది కాని, తనకు సరిపడిన నేలలోనే మొలుస్తుంది అన్నాడు. వ్యవసాయం చేసే మన ప్రాంతంవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. నల్లరేగడి పంట వేరు, ఎర్రచెలక పంట వేరు. ప్రోస్టేట్ కేన్సర్‌కు నచ్చిన నేలలు ముఖ్యంగా రెండు. ఒకటి కటి భాగంలోని లింఫు గ్రంథులు, రెండవది ఎముకలు.

లింఫు గ్రంథులు అంటే మనకు తెలియనివి కావు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా, ఆ బిళ్ళ వాచిన లింఫు గ్రంథే. శరీరమంతటా ఇవి వందల సంఖ్యలో ఉంటాయి. ఊరి పొలిమేరల్లో చెక్‌పోస్టుల వంటివి. వచ్చే పోయే క్రిములను పట్టుకోవడం వీటి పని. కేన్సర్ కణం కూడా మొదట ఈ చెక్‌పోస్టులోనే చిక్కుతుంది. ఒక్కొక్కసారి అక్కడే చస్తుంది. ఒక్కొక్కసారి అక్కడే కాపురం పెడుతుంది.

ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు వంద కోట్ల కణాలు ఉంటాయని అంచనా. ఒక మిల్లీమీటరు గడ్డలో సుమారు పది లక్షలు. అంటే మన కంటికి ఆవగింజంత కూడా ఆననిది కణాల లెక్కలో ఒక మహానగరం. చిన్నదిగా ఉన్నప్పుడే దాని ఉనికి తెలిస్తే డాక్టరు కత్తి ఎక్కడ పెట్టాలో, కరెంటు ఎక్కడ పెట్టాలో నిర్ణయించుకోగలుగుతాడు. తెలియకపోతే ఊరంతా వెతకాలి, లేదా దొంగను వదిలిపెట్టాలి. చిన్న మచ్చ విలువ అంత.

ఇక ఎం.ఆర్.ఐ. సంగతి. ఎనిమిదవ తరగతిలో నేను అట్టముక్క మీద ఇనుప రజను చల్లి కింద అయస్కాంతం పెట్టి చూపించేవాణ్ణి. ఇక్కడ నా శిష్యులు కొందరు ఉద్యోగాలు చేసి రిటైరయి కూర్చున్నారు కనుక వారికి గుర్తుండాలి. మన శరీరంలో సగానికి పైగా నీరే. నీటిలో హైడ్రోజన్ ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకం ఒక బుల్లి అయస్కాంతం. ఎం.ఆర్.ఐ. యంత్రంలోని పెద్ద అయస్కాంతం భూమి అయస్కాంత క్షేత్రం కంటే ముప్పయి వేల రెట్లు బలమైనది. అందులో పడుకోగానే ఈ బుల్లి అయస్కాంతాలు కొద్దిమేరకు ఒక క్రమానికి వస్తాయి. అప్పుడు రేడియో తరంగాలతో వాటిని కదిలిస్తారు. మనం సాధారణంగా చూసే 1.5 టెస్లా యంత్రంలో ఆ తరంగాలు సుమారు 64 మెగాహెర్ట్జులు. మనం పాటలు వినే ఎఫ్.ఎం. కంటే కొంచెం కింద. తరంగం ఆపగానే కేంద్రకాలు తిరిగి సర్దుకుంటూ చిన్న సంకేతం ఇస్తాయి. కండలో ఒక వేగంతో, కొవ్వులో మరొక వేగంతో సర్దుకుంటాయి. ఆ తేడాలనే కంప్యూటరు బొమ్మగా గీస్తుంది. ఇందులో ఎక్స్‌రే ఏమీ లేదు.

1971లో అమెరికాలో రేమండ్ డమాడియన్ అనే ఆయన, ఎలుకల కేన్సర్ గడ్డల్లో ఈ సర్దుకునే కాలం మామూలు కండకంటే వేరుగా ఉంటుందని చూపించాడు. 1973లో పాల్ లాటర్‌బర్ మొదటి బొమ్మ తీశాడు. ఏం బొమ్మ అనుకున్నారు? నీళ్ళు పోసిన రెండు సన్నని గాజు గొట్టాల బొమ్మ. అంతే. ఆ గొట్టాల నుండి మొదలయి నేటి యంత్రం వచ్చింది. లాటర్‌బర్‌కు, ఇంగ్లండుకు చెందిన పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కు 2003లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇంత గొప్ప యంత్రానికి నాలోని మూడు మిల్లీమీటర్ల మచ్చ ఎందుకు దొరకలేదు? కారణం ఇది. లింఫు గ్రంథిలోని మంచి భాగమూ, కేన్సర్ పట్టిన భాగమూ మామూలు ఎం.ఆర్.ఐ.లో దాదాపు ఒకే రంగులో కనిపిస్తాయి. అందుచేత డాక్టరు చూడగలిగింది ముఖ్యంగా గ్రంథి సైజునే. అడ్డకొలత ఎనిమిది, పది మిల్లీమీటర్లు దాటితే అనుమానం, దాటకపోతే మామూలు. ఈ కొలబద్దతో రెండు పొరపాట్లు జరుగుతాయి. చీముకో జ్వరానికో వాచిన మంచి గ్రంథి అనుమానితుల జాబితాలో చేరుతుంది. కేన్సర్ పట్టినా ఇంకా వాయని గ్రంథి మంచివారి జాబితాలో ఉండిపోతుంది. నాది ఆ రెండవ జాబితా.

మరి స్కాను ముందు సూదిమందు ఎక్కిస్తారు కదా అని మీరు అడగవచ్చు. ఎక్కించేది గెడోలినియం అనే లోహంతో చేసిన మందు. అమెరికాలో మొదటిసారి 1988లో దీనికి అనుమతి వచ్చింది. రక్తం ఎక్కువగా ఊరే చోట ఇది చేరి ఆ భాగాన్ని తెల్లగా మెరిపిస్తుంది. మెదడులోని గడ్డలకు ఇది చాలా ఉపకారం చేసింది. కాని చిన్న లింఫు గ్రంథిలో మంచిచెడ్డలు విడదీయడం దీనివల్ల అంతగా కాదు. మూత్రపిండాలు బాగా చెడిపోయినవారికి కొన్ని రకాల గెడోలినియం మందులతో చర్మం గట్టిపడే జబ్బు వస్తుందని 2006లో బయటపడింది. కనుక కిడ్నీ ఇబ్బంది ఉన్నవారు స్కానుకు ముందే ఆ సంగతి చెప్పాలి. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. బీదరు కోట మీరందరూ చూసే ఉంటారు. ఆ కోట గోడల రాతికి ఎరుపు ఇనుము ఆక్సైడు వల్లనే వచ్చింది. దానికి దాయాది వరుస అయ్యే మరొక ఇనుము ఆక్సైడు అయస్కాంత గుణం కలది. దానిని అతి సూక్ష్మమైన గుండ్లుగా చేసి, పైన డెక్‌స్ట్రాన్ అనే చక్కెర జాతి పదార్థం పూత పూస్తారు. పూతతో కలిపి ఒక్కొక్క కణం సుమారు 30 నానోమీటర్లు. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. అంటే ఒక్క వెంట్రుక అడ్డంలో ఈ కణాలను రెండువేలకు పైగా వరుసలో పేర్చవచ్చు. నానో అంటే ఇదే.

ఈ కణాలకు ఒక విచిత్రమైన గుణం ఉన్నది. బయట అయస్కాంతం ఉన్నంతసేపే ఇవి బలమైన అయస్కాంతాలు. అది తీసివేయగానే మామూలు అయిపోతాయి. ఆఫీసరు ఎదుట ఉన్నంతసేపే పనిచేసే గుమాస్తా లాగా అన్నమాట. ఎవరినీ ఉద్దేశించి కాదు, నవ్వుతున్నవారు నన్ను క్షమించాలి. ఈ గుణం వల్లనే ఇవి రక్తంలో ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టవు. మొన్న నేను ఈ సంగతి చెబుతుంటే మన మిత్రుడు ఒకాయన "సారూ, ఇనుము ఎక్కించుకుని ఆ యంత్రంలోకి పోతే మనిషి అతుక్కపోడా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. ఎక్కించేది శరీర బరువులో కిలోకు 2.6 మిల్లీగ్రాముల ఇనుము. అరవై కిలోల మనిషికి 156 మిల్లీగ్రాములు. మన ఒంట్లో ఎప్పుడూ మూడు నాలుగు గ్రాముల ఇనుము ఉండనే ఉన్నది. అతుక్కుపోయే ప్రశ్న లేదు. ఆ ఇనుమును శరీరం నెమ్మదిగా అరిగించుకుని రక్తం తయారీకి వాడుకుంటుంది.

ఈ కణాలను సెలైనులో కలిపి నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. స్కాను వెంటనే తీయరు. ఒక రోజు, ఒకటిన్నర రోజు ఆగుతారు. ఆ లోపల మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు ఈ ఇనుప కణాలను మింగుతాయి. లింఫు గ్రంథులలో ఈ భక్షక కణాలు గుంపులుగా కాపురం ఉంటాయి. అందుచేత మంచి గ్రంథి ఇనుముతో నిండి ఎం.ఆర్.ఐ. బొమ్మలో నల్లబడుతుంది. కేన్సర్ ఆక్రమించిన చోట భక్షక కణాలు ఉండవు. అక్కడ ఇనుము చేరదు. ఆ చోటు తెల్లగా మిగిలిపోతుంది.

ఇందులోని తెలివి గమనించండి. దొంగకు గుర్తు వేయలేదు. ఊళ్ళోని మంచివాళ్ళందరికీ బొట్టు పెట్టారు. బొట్టు లేనివాడు ఎవడో తేలిపోయింది. మనం బడిలో హాజరుపట్టీ పిలిచినట్లే. పలికినవారి పక్కన గుర్తు పడుతుంది. గుర్తు పడని చోటే మనం వెతకవలసిన చోటు. గ్రంథి వాచిందా లేదా అన్న ప్రశ్నతో పనిలేదు. చిన్న గ్రంథి అయినా సరే, అందులో ఒక మూల హాజరు పలకకపోతే చాలు.

ఈ దారిలో మొదటి అడుగులు అమెరికాలో బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పడ్డాయి. అక్కడి రాల్ఫ్ వైస్లెడర్, ఆయన సహచరులు లింఫు గ్రంథుల కోసం ఈ కణాలను 1990లోనే ప్రతిపాదించారు. ఆ మందు పేరు ఫెరుమాక్స్‌ట్రాన్-10. పెద్ద పరీక్ష ఫలితం 2003 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మొదటి రచయిత ముకేశ్ హరిసింఘాని. ఆయనతో కలిసి పనిచేసినవారిలో నెదర్లాండ్స్ దేశంలోని నైమేఖన్ నగర డాక్టరు యెల్లె బారెంట్స్ ఉన్నారు.

వారు పరీక్షించినది నా వంటి 80 మంది ప్రోస్టేట్ కేన్సర్ రోగులను. వారి నుండి తీసిన 334 లింఫు గ్రంథులను స్కానుతోనూ, సూక్ష్మదర్శినితోనూ సరిపోల్చారు. 63 గ్రంథులలో కేన్సర్ ఉన్నది. ఆ 63లో 45 గ్రంథులు సైజును బట్టి చూస్తే మామూలువే! అంటే పాత కొలబద్దకు అందనివే ఎక్కువ. గ్రంథుల లెక్కన మామూలు ఎం.ఆర్.ఐ. నూటికి 35.4 పట్టుకున్నది. ఇనుప కణాలతో తీసిన ఎం.ఆర్.ఐ. నూటికి 90.5 పట్టుకున్నది. మనుషుల లెక్కన చూస్తే, గ్రంథులకు పాకిన 33 మందినీ ఒక్కరిని కూడా వదలకుండా గుర్తించింది. ఈ అంకెలు చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా రెండు గ్రంథులు కూడా ఆ 45 వంటివే కదా అనిపించింది.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. అయిదు మిల్లీమీటర్ల కంటే చిన్న గ్రంథుల విషయంలో ఈ పద్ధతి కూడా అంత బాగా పనిచేయలేదు. గ్రంథిలో కొవ్వు చేరినా, పాత పుండు మానిన మచ్చ ఉన్నా అక్కడ కూడా ఇనుము చేరక కేన్సర్ అని భ్రమ కలగవచ్చు. బొమ్మ చదివే డాక్టరుకు అనుభవం కావాలి. ఏ కొలబద్దకైనా ఒక చివర ఉంటుంది.

ఇంత మంచి మందు మన హైదరాబాదులో ఎందుకు దొరకదు? కథ ఇక్కడ వంకర తిరిగింది. 2005లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ సలహా సంఘం, అన్ని రకాల కేన్సర్లకు దీనిని అనుమతించడానికి రుజువులు చాలవని అభిప్రాయపడింది. 2007లో యూరపులో పెట్టుకున్న దరఖాస్తును కంపెనీవారే వెనక్కి తీసుకున్నారు. కాలేయం స్కానుకోసం 1996లో అమెరికాలో అనుమతి పొందిన మరొక ఇనుప కణాల మందు కూడా తరువాత తయారీ ఆగి మార్కెట్టు నుండి పోయింది. ఫెరుమాక్సిటాల్ అనే ఇంకొకటి 2009లో అనుమతి పొందింది. కాని అది కిడ్నీ జబ్బు ఉన్నవారి రక్తహీనతకు ఇచ్చే ఇనుము మందుగా. కొందరు డాక్టర్లు దానిని స్కానుకూ వాడి చూశారు. తీవ్రమైన అలర్జీలు కొందరి ప్రాణం మీదికి తెచ్చినందువల్ల 2015లో దాని మీద గట్టి హెచ్చరిక ముద్రించమన్నారు.

నైమేఖన్ డాక్టర్లు మాత్రం ఫెరుమాక్స్‌ట్రాన్‌ను విడిచిపెట్టలేదు. కొన్నేళ్ళ తరువాత దానిని తిరిగి తయారు చేయించి రోగులకు వాడడం మొదలుపెట్టారు. పెద్ద పరీక్షలు మళ్ళీ యూరపులో చేపట్టారు. ఒక మంచి ఆలోచన కాగితం మీద నెగ్గినా రోగి మంచం దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో చూడండి. మన పి.ఆర్.సి. ఫైలు కంటే ఇదే నెమ్మది.

వేరే దారులూ ఉన్నాయి. అమెరికాలో క్లీవ్‌లండ్ నగరంలోని కేస్ వెస్టర్న్ రిజర్వు విశ్వవిద్యాలయంవారు, పాకిన కేన్సర్ చుట్టూ పేరుకునే ఫైబ్రొనెక్టిన్ అనే మాంసకృత్తును పట్టుకునే గెడోలినియం మందు తయారు చేశారు. ఎలుకలలో అర మిల్లీమీటరు కంటే చిన్న మచ్చలను దానితో చూడగలిగామని 2015లో ప్రకటించారు. ఇది నానో కణం కాదు, చిన్న అణువు. పైగా ఎలుకలలో గెలిచినది మనుషులలో గెలిచేదాకా నమ్మకం పెట్టుకోరాదు. మా వంటి రోగులకు నిజంగా చేతికి అందినది పి.ఎస్.ఎం.ఏ. పెట్ స్కాను. ఇది అయస్కాంతం పని కాదు, రేడియోధార్మిక మందు పని. ఆస్ట్రేలియాలో 302 మంది మీద చేసి 2020లో ప్రకటించిన పరీక్షలో, పాత పద్ధతి నూటికి 65 సరిగా చెబితే ఇది 92 సరిగా చెప్పింది. ఇది హైదరాబాదులో దొరుకుతుంది. కాని మూడు మిల్లీమీటర్ల మచ్చను ఇది కూడా తప్పిపోవచ్చు.

మరి ఇదంతా మనకెందుకు అంటారేమో. నారాయణఖేడ్ నుండి హైదరాబాదు పోయి రావడమే ఒక రోజు పని, నైమేఖన్ మాట ఎక్కడ? నిజమే. అయినా ఈ కథ వల్ల మనకు అయిదు పైసలు ఖర్చు లేని ఒక లాభం ఉన్నది. రిపోర్టు చదవడం వస్తుంది.

మనం ఏటా ట్రెజరీకి బతికి ఉన్నట్లు సర్టిఫికెట్టు ఇచ్చుకుంటాం. నిరుడు ఇచ్చాం కదా అంటే ఈ ఏడు ఒప్పుకుంటారా? స్కాను రిపోర్టు కూడా అటువంటిదే. ఆ తేదీనాడు, ఆ యంత్రానికి, ఇంత సైజు దాటినది కనబడలేదు అని చెప్పే సర్టిఫికెట్టు. దానిని జీవితకాలపు పట్టా అనుకుని మళ్ళీ డాక్టరు ముఖం చూడని మిత్రులు మనలోనే ఉన్నారు. పేర్లు చెప్పను. ఇద్దరిలో ఒకరు ఇప్పుడు మన మధ్య లేరు.

కనుక నా మనవి ఇది. స్కాను తీసినప్పుడు కాగితం మాత్రమే కాదు, సి.డి. కూడా అడిగి తెచ్చుకుని భద్రపరచండి. పాత బొమ్మతో కొత్త బొమ్మ పోల్చినప్పుడే చిన్న మార్పు తెలుస్తుంది. డాక్టరుగారిని ఒక్క ప్రశ్న అడగండి: "దీనిలో ఎంత చిన్నది కనబడుతుంది సార్?" ఆయన విసుక్కోరు. మళ్ళీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్ళండి. ఒంట్లో పేస్‌మేకరు, ఇనుప ప్లేట్లు ఉంటే స్కానుకు ముందు చెప్పండి. మూత్రంలో తేడా, ఎక్కడైనా గడ్డ, తగ్గని ఎముకల నొప్పి ఉంటే నాలాగా ఏడాది దాచుకోకండి. అక్కచెల్లెళ్ళకు మరీ మనవి, రొమ్ములో గడ్డ నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. డబ్బు లేదని ఆగిపోవద్దు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉన్నది. ఇంకొకటి, నానో అన్న పేరు పెట్టి సంతలో అమ్మే నీళ్ళసీసాలకు, పొడులకు నేను చెప్పిన కణాలకు ఏ సంబంధమూ లేదు. మోసపోవద్దు.

చివరగా నా సంగతి. ఆపరేషను తరువాత కరెంటు పెట్టారు, హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండున్నరేళ్ళు పి.ఎస్.ఏ. దాదాపు సున్నా ఉన్నది. పోయిన నెల పరీక్షలో 0.3 వచ్చింది. ఎక్కడో ఏదో ఉన్నదని రక్తం చెబుతున్నది. వచ్చే మంగళవారం పెట్ స్కానుకు వెళుతున్నాను. దొరకవచ్చు, దొరకకపోవచ్చు. మా ఆవిడ ఈసారి కూడా "ఏమన్నడు డాక్టరు?" అని అడుగుతుంది. కనబడకపోతే "కనబడలేదు" అనే చెబుతాను. "లేదు" అని చెప్పను. ఆమె కొబ్బరికాయ కొట్టుకుంటే కాదనను. కాని మూడు నెలల తరువాతి తేదీ అదే రోజున క్యాలెండరు మీద రాసి పెడతాను.